మూడో బాణం

చాలాకాలానికి మళ్ళీ ఈ పుట తెరిచాను. ఒకప్పుడు లేఖినిలో టకటకా కొట్టిన వేళ్ళతో ఇప్పుడు ఒక్కొక్క మీటనూ బతిమాలుకోవలసి వస్తోంది. అందుచేత ఈ టపాకు మూడు వారాలు పట్టింది. ఆలస్యం వల్ల ఒక మేలు కూడా జరిగింది. మొదటి వారం వ్రాసినదంతా కోపమే. రెండో వారం దాన్ని చాలావరకు చెరిపేశాను. మూడో వారం, చెరిపినదాంట్లో సగం న్యాయమైన కోపమేననిపించి తిరిగి చేర్చాను. మిగిలినది మీ ముందుంచుతున్నాను.

విషయమిది. గత కార్తీకంలో మా బంధువుల వనసమారాధనకు వెళ్ళాను. గోదావరి గట్టున తోట, ఉసిరిచెట్టు నీడ, చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న బంతి. నాకు 2011 నుండి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మనవాళ్ళు కీళ్ళవాతం అంటారు. నేల మీద కూర్చుంటే లేవలేను కనుక నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. విస్తరి ఒళ్ళో పెట్టుకుని తింటున్నాను. పప్పు వడ్డించేటప్పుడు ఒకరు, పులిహోర దగ్గర ఒకరు, పెరుగు దగ్గర ఒకరు, “ఇంకా తగ్గలేదా అమ్మా?” అని అడిగారు. మూడోసారి నా నోరు జారింది. “ఇది తగ్గే జబ్బు కాదండీ. తగ్గిననాడు పేపర్లో వేయిస్తాను లెండి” అన్నాను. గట్టిగానే అన్నాను. బంతి అంతా ఒక్క క్షణం చేతులాపింది.

అప్పుడు మా పెదమామగారు, అంటే మావారి పెదనాన్నగారు, నెమ్మదిగా అన్నారు: “అమ్మాయ్, నీకు గీత రెండో అధ్యాయం కంఠతా వచ్చు కదా. రోగం ఒంటికి వచ్చింది. దాన్ని మనసుకెందుకు పట్టించుకుంటావు? ఇన్నేళ్ళు చదివి ఈపాటి శాంతం అలవడకపోతే ఆ చదివిందంతా ఏమైనట్టు?”

నేను తల వంచుకుని పెరుగన్నం తినేశాను.

ఆయన చెడ్డవారు కారు. నాకు జబ్బు బయటపడిన ఏడాది హైదరాబాదు తీసుకువెళ్ళి, రెండు రోజులు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న మనిషి. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది. ఈ టపా ఆయన మీద కాదు. ఆయన చేత ఆ మాట అనిపించిన నమ్మకం మీద. ఆధ్యాత్మికంగా ఎదిగిన రోగికి కోపం రాదనీ, భయం కలగదనీ, కలిగితే అది సాధనలో లోపమనీ మనలో చాలామంది నమ్ముతున్నాం. జబ్బు పడేదాకా నేనూ నమ్మాను. ఆ నమ్మకం తప్పు అనీ, మన సంప్రదాయం దాన్ని సమర్థించదనీ, రోగికి దొరకగల కొద్దిపాటి శాంతికి అదే పెద్ద అడ్డు అనీ నా వాదన.

ముందుగా ఈ జబ్బు తెలియనివారికి నాలుగు మాటలు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. చేతివేళ్ళ కణుపులు, మణికట్లు, పాదాల కీళ్ళు రెండు వైపులా ఒకే తీరున వాస్తాయి. పురుషులలో కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వయసు మీద పడి మోకాళ్ళు అరగడం వేరు, ఇది వేరు. అరిగిన మోకాలు రోజంతా తిరిగాక సాయంత్రానికి నొప్పెడుతుంది. ఈ వాతం తెల్లవారేసరికే బిగదీసుకుని ఉంటుంది. నిద్రలేచాక గంట, ఒక్కొక్కనాడు రెండు గంటలు, వేళ్ళు ముడుచుకోవు, తెరుచుకోవు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అదుపులో ఉంచే మందులున్నాయి. అవి కొందరికి చాలా బాగా పనిచేస్తాయి, కొందరికి కొంతవరకే. నేను ఆ రెండో కోవలోని దానిని.

ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. సోమవారమంతా కడుపులో తిప్పట. మూడు నెలలకొకసారి కాలేయానికీ రక్తకణాలకూ పరీక్షలు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నందుకు కంటి పరీక్షలు. జబ్బు పెచ్చుమీరినప్పుడు కొన్ని వారాలపాటు ప్రెడ్నిసొలోన్.

ఇవి ఒంటి లెక్కలు. మనసు లెక్కలు ఏ ఈయస్సార్ కాగితంలోనూ రావు కనుక నేనే చెప్పాలి. ఇరవయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఒకనాడు నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టు తప్పి మూడుసార్లు కింద పడితే, వెనక బెంచీలో ఎవరో నవ్వితే, ఆ పిల్లవాణ్ణి అకారణంగా నిలబెట్టాను. ఎదురింటి డెబ్బయ్యేళ్ళ మామ్మగారు నడుము వంచి చుక్కల ముగ్గు వేస్తుంటే కిటికీలోంచి చూసి నాకు ఏడుపొస్తుంది. ఆ ఏడుపు దిగులుది కాదు, అసూయది. మా అమ్మాయి నాకు జడ వేస్తున్నప్పుడు సిగ్గుగా ఉంటుంది. 2020 మార్చిలో, కరోనాకు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందన్న ప్రచారం లేచి, నాబోటివాళ్ళు రోజూ మింగే ఆ మాత్ర దుకాణాలలో మాయమైంది. కరోనాకు అది పనికిరాదని పరీక్షలలో తేలింది గానీ, అది తరువాతి మాట. లాక్‌డౌనులో మా అమ్మాయి మందుచీటీ చూపించుకుంటూ ఆరు దుకాణాలు తిరిగి ఒక్క స్ట్రిప్పు తెచ్చింది. ఆ పది రోజులూ, ఆ మాత్రలను బీరువాల్లో దాచుకున్న ముక్కూమొహం తెలియని ఆరోగ్యవంతులను నేను ద్వేషించాను. ధ్యానానికి కూర్చుని మరీ ద్వేషించాను.

ఇంత చెప్పుకున్నాక ఇక వాదనకు వస్తాను.

మొదటి మాట: రోగం ఒంటికి, మనసుకు కాదు. వినడానికి వేదాంతంలా ఉంటుంది. కానీ వేదాంతం ఇలా అనలేదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు అన్నం మానేసి నీళ్ళు మాత్రం తాగి ఉండమంటాడు. ఆ తరువాత వేదం చెప్పమంటాడు. పన్నెండేళ్ళు గురుకులంలో చదివి వచ్చిన కుర్రవాడికి ఒక్క మంత్రమూ గుర్తురాదు. అన్నం తిని వచ్చాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నంతో నిలిచేదని తండ్రి ఆ విధంగా నిరూపిస్తాడు. ఆత్మ వేరు అన్నారు గానీ, మనసు ఒంటితో సంబంధం లేకుండా గాలిలో తేలుతుందని మన పెద్దలు అనలేదు. పదిహేను రోజుల పస్తుతో వేదమే మరుపున పడితే, పదేళ్ళు దాటిన వాపుతో ఓర్పు మరుపున పడదా?

నేటి వైద్యం కూడా ఇదే వైపు చూపుతోంది. కీళ్ళలో వాపును నడిపించే సైటోకైన్లు అనే రసాయనాలు కీళ్ళ దగ్గరే ఆగిపోవు. మెదడు మీద కూడా వాటి ప్రభావం ఉంటుంది. ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక దుప్పటి కప్పుకుని మూల పడుకోవడం మీ అందరికీ అనుభవమే కదా. ఆ నాలుగు రోజుల స్థితిని ఏళ్ళ తరబడి సాగదీసి ఊహించుకోండి. కీళ్ళవాతం ఉన్నవారిలో డిప్రెషన్ తక్కినవారికంటే ఎక్కువగా కనిపించడంలో వింతేమీ లేదు.

ఇక స్టెరాయిడ్ల సంగతి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, ఈ జబ్బుతో మంచాన పడ్డ ఒక యువతికి తొలిసారిగా కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇప్పించాడు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. ఆ అద్భుతం వెనుకనున్న వెల కూడా త్వరలోనే బయటపడింది. ఎముకలు గుల్లబారడం, మొహం ఉబ్బడంతో పాటు నిద్రలేమి, చిరాకు, కారణం లేని ఉత్సాహం, కారణం లేని ఏడుపు. ప్రెడ్నిసొలోన్ మోతాదు పెరిగిన వారంలో నేను రాత్రి రెండు గంటలకు లేచి వంటింటి డబ్బాలన్నీ సర్దుతాను. నాలుగింటికి ఏడుస్తాను. ఆరింటికి ఇంట్లో అందరి మీదా విరుచుకుపడతాను. ఆ ఆరింటి మనిషిని చూసి “ఈమె సాధన ఏమైంది?” అనడం, మత్తుమందు ఇచ్చి ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టినవాణ్ణి “ఇంతసేపు నిద్రేమిటి, సోమరితనం కాకపోతే?” అనడం వంటిది.

రెండో మాట పెదమామగారు అనలేదు గానీ ఇతరులు చాలామంది అన్నారు. కోపాన్ని లోపల అణచుకున్నవాళ్ళకే ఈ వాతం వస్తుందట. మరికొందరు ఇంకాస్త వెనక్కి వెళ్ళి పూర్వజన్మ కర్మ అంటారు. రెండూ ఒక్కటే: నీ జబ్బుకు నువ్వే కర్తవు.

అణచుకున్న కోపం సిద్ధాంతం మన అరుగుల మీద పుట్టినది కాదు. ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవిశ్లేషకుడు గత శతాబ్దం మధ్యలో, మనోవేదన వల్ల వచ్చేవిగా ఏడు జబ్బులను పరిశీలించాడు. ఉబ్బసం, రక్తపోటు, కడుపులో పుండు వంటివాటితో పాటు కీళ్ళవాతమూ అందులో ఉంది. ఆయన ఈ విషయమై పుస్తకం వెలువరించిన సంవత్సరం 1950, హెంచ్‌కు నోబెల్ వచ్చిన సంవత్సరమే. కడుపులో పుండ్లు చాలావాటికి కారణం హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి అని 1980లలో తేలింది. కీళ్ళవాతంలో తన ఒంటిపై తానే దాడి చేసుకునే రోగనిరోధక వ్యవస్థ పాత్ర స్పష్టమైంది. అయినా కారణం తెలియని ప్రతి జబ్బుకూ రోగి స్వభావాన్ని కారణంగా చూపే అలవాటు పోలేదు. క్షయకూ కాన్సరుకూ ఇటువంటి కథలు అల్లడాన్ని సూజన్ సొంటాగ్ 1978లో వెలువడిన తన పుస్తకంలో తూర్పారబట్టింది. ఆమె స్వయంగా కాన్సరు రోగి. మనోవేదన నొప్పిని పెంచవచ్చు, కాదనను. పెంచడం వేరు, పుట్టించడం వేరు. అంతకంటే ముఖ్యం, ఈ సిద్ధాంతంలోని ఉచ్చు చూడండి. కోపాన్ని అణచుకున్నావు కనుక జబ్బు వచ్చిందంటారు. జబ్బు వచ్చి కోప్పడితే శాంతం లేదంటారు. రోగి ఏ తలుపు తట్టినా తప్పు తనదే.

కర్మ సంగతి కూడా అంతే. ప్రారబ్ధం అన్న మాటను బాధపడేవాడు తనకు తాను చెప్పుకుంటే అందులో ఒక ఊరట ఉంది. ఇది ఇప్పుడు నేను చేసిన తప్పు కాదు, ఏనాడో వదిలిన బాణం వచ్చి తగిలింది, తగిలాక ఏం చేయాలో చూద్దాం అనుకోవచ్చు. నేను అనుకుంటాను కూడా. అదే మాటను పక్కవాడు మన గురించి అంటే అది తీర్పు. ఒకే మాట ఎవరి నోట పలికిందన్న దాన్నిబట్టి మందూ అవుతుంది, విషమూ అవుతుంది.

ఇక అసలు ప్రశ్న. మన పెద్దలు శాంతమంటే ఏమన్నారు? బంతిలో నాకు గుర్తుచేసిన గీతనే తీసుకుందాం. స్థితప్రజ్ఞుడు రెండో అధ్యాయంలో వస్తాడు. మొదటి అధ్యాయం పేరేమిటి? అర్జున విషాదయోగం. చేతిలోంచి విల్లు జారి, ఒళ్ళు వణికి, నోరెండిపోయి కూలబడ్డ మనిషి దుఃఖానికి ఒక అధ్యాయమంతా ఇచ్చి, దానికి కూడా యోగమని పేరు పెట్టారు. కృష్ణుడు అర్జునుణ్ణి మందలించాడు, నిజమే. కానీ అతడు చెప్పుకున్నదంతా విన్న తరువాత మందలించాడు. రథం దిగి వెళ్ళలేదు. పద్ధెనిమిది అధ్యాయాలు పక్కనే ఉన్నాడు. రెండో అధ్యాయం వల్లించే హక్కు, మొదటి అధ్యాయం ఓపికగా విన్నవారికే ఉంటుందని నేను అనుకుంటాను.

గురువాయూరు వెళ్ళినవారు మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి పేరు వినే ఉంటారు. 16వ శతాబ్దపు కవి. వాతరోగంతో బాధపడుతూ గుడిలో కూర్చుని, వంద దశకాలుగా, వెయ్యికి పైగా శ్లోకాలలో నారాయణీయం చెప్పాడు. నొప్పి మరిచిపోయి భగవంతుని గుణగానం చేశాడని మనం ఆయన్ని ఉదాహరిస్తాం. మరిచిపోలేదు! దశకం తరువాత దశకం చివరికి వచ్చేసరికి, నా రోగం తీసెయ్యి, ఈ బాధ పోగొట్టు అని మొర. సృష్టి చెప్పినా, అవతారం చెప్పినా, రాసక్రీడ చెప్పినా మళ్ళీ తన కీళ్ళ దగ్గరకే వస్తాడు. కావ్యమంతా ముగిసేదీ ఆయుష్షు, ఆరోగ్యం, సౌఖ్యం కావాలన్న కోరికతోనే. “ఇన్ని శ్లోకాలు చెప్పినవాడివి, ఇంకా ఒంటినొప్పి గోలేనా?” అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ మొరలతో కూడిన పుస్తకాన్నే పారాయణ చేస్తున్నారు.

మన తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి సాక్షి భద్రాచల రామదాసు. 17వ శతాబ్దంలో గోలకొండ చెరసాలలో దెబ్బలు తింటూ రాముణ్ణే నిలదీశాడు. ఏ నగకు ఎంత పోసి చేయించానో లెక్క చెప్పి, ఎవరి సొమ్మని కులుకుతున్నావంటూ ఎత్తిపొడిచాడు. అదే కీర్తన చివర, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని వేడుకున్నాడు. మనం ఆ పాటను దాచిపెట్టలేదు. గుళ్ళో పాడుకుంటున్నాం, పెళ్ళిపందిట్లో పాడుకుంటున్నాం. దేవుణ్ణి తిట్టడం కూడా భక్తేనని ఒప్పుకుని, నిందాస్తుతి అని దానికొక పేరు పెట్టుకున్న జాతి మనది. అటువంటి జాతిలో పుట్టి, నొప్పిలో ఉన్న మనిషి ఒక చురుకైన మాట అంటే బంతి అంతా చేతులాపుతుందా?

నాకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం నాకు తెలుసు. మరి రమణ మహర్షి మాటేమిటి అంటారు. ఎడమ మోచేతి దగ్గర పుట్టిన చిన్న కంతి కాన్సరుగా మారి, 1949లో పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగి, 1950 ఏప్రిల్ 14న ఆయన దేహం విడిచారు. ఆ ఏడాది పొడుగునా తన దర్శనానికి వచ్చేవారిని ఆపనివ్వలేదు. ఆయన నిబ్బరం చూసినవారు వ్రాసినదేదీ నేను శంకించను. చదివి కన్నీళ్ళు పెట్టుకున్నదాన్ని. కానీ ఒక్క సంగతి. ఆయన పదహారో ఏట, 1896లో, ఇల్లు వదిలి అరుణాచలం చేరి, ఐదు దశాబ్దాలకు పైగా ఒకే విషయంలో నిలిచిన మనిషి. ఆయన శాంతిని చూసి దారి వెతుక్కోవచ్చు. దాన్ని కొలబద్దగా చేసి, కుక్కరు మూడో కూత కోసం చూస్తూ బడికి టైమవుతోందని కంగారుపడే మనిషి ఎత్తు కొలవడం ఏమి న్యాయం? ఆకాశాన్ని చూపిస్తే మనసు విశాలమవుతుంది. ఆకాశాన్ని చూపించి “నువ్వెంత పొట్టిదానివో చూడు” అంటే మిగిలేది అవమానమే.

బుద్ధుడు చెప్పిన రెండు బాణాల ఉపమానం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సంయుక్త నికాయంలో ఉంది. ఒంటికి కలిగే బాధ మొదటి బాణం. దాన్ని తలచుకుని కుమిలిపోవడం రెండో బాణం. తెలివైనవాడు మొదటిదానితోనే ఆగుతాడు. ఈ ఉపమానం నిజమని నా ఒంటిమీద పరీక్షించి చెప్పగలను. వేళ్ళు బిగుసుకున్న గంటలో సగం బాధ వేళ్ళది. తక్కిన సగం, “రేపు? వచ్చే ఏడు? అమ్మాయి పెళ్ళయి వెళ్ళాక?” అన్న ప్రశ్నలది. కనుక పెదమామగారి మాటలో సత్యమే లేదని నేననను. రెండో బాణం ఉంది. దాన్ని తీయడం నేర్చుకోవచ్చు.

కానీ ఉపమానం చెప్పినవాడు బాణం తీసే వైద్యుడిగా చెప్పాడు. పైగా కపిలవస్తులో ఒకనాటి రాత్రి, నా నడుము నొప్పెడుతోంది, కాసేపు మేను వాలుస్తాను, నువ్వు వీళ్ళకు బోధించు అని ఆనందుడితో అని పడుకున్నవాడు కూడా ఆ బుద్ధుడే. తన నొప్పిని దాచుకోలేదు. మనమేం చేస్తున్నాం? రెండు బాణాలతో పడి ఉన్న మనిషి దగ్గరకు వెళ్ళి, “ఆ రెండోది నువ్వే గుచ్చుకున్నావు, సిగ్గు లేదా?” అంటున్నాం. అది మూడో బాణం. నొప్పి, నొప్పి గురించిన దిగులు, ఆ దిగులు పడుతున్నందుకు సిగ్గు. మూడోది బయటినుంచి వస్తుంది, మంచి మాటల రూపంలో వస్తుంది, ఆత్మీయుల చేతుల మీదుగా వస్తుంది. దాన్ని తప్పించుకోవాలని రోగి ఒక విద్య నేర్చుకుంటాడు. నవ్వు మొహం పెట్టడం. “ఎలా ఉన్నారు?” అంటే “ఆ దేవుడి దయ” అనడం. చూసేవారు అబ్బా, ఎంత శాంతమో అని మెచ్చుకుంటారు. ఆ శాంతం ఎవరికోసం? చూడవచ్చినవారి సుఖం కోసం. నేను ఆరేళ్ళు ఆ వేషం వేశాను. ఆ ఆరేళ్ళలో నా జపం సాగలేదు. వేషానికే ఉన్న ఓపిక అంతా ఖర్చయిపోయింది.

ఇన్ని చెప్పి, మరి నీకు తెలిసిన శాంతం ఏమిటని మీరు అడగాలి. అడగకపోయినా చెప్పాలి. లేకపోతే ఇది ఒట్టి ఫిర్యాదుగా మిగులుతుంది.

కోపానికి అనుమతిపత్రం ఇమ్మని నేను వాదించడం లేదు. నిలబెట్టిన ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. స్టెరాయిడ్ వారంలో ఒకసారి స్టీలు గ్లాసు విసిరాను. అది మా అమ్మాయి భుజానికి తగిలింది. మందు వల్ల అని చెప్పుకోవచ్చు, నిజం కూడా. అయినా భుజం దానిది, చెయ్యి నాది. కారణం మందుది కావచ్చు గానీ, దిద్దుకోవడం నా వంతే. ఆ రోజునుంచి నేను శాంతాన్ని వేరే విధంగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కోపం వచ్చిందా, రాలేదా అన్నది లెక్క కాదు. వచ్చినదాన్ని ఎంతసేపట్లో గుర్తుపట్టాను, ఎంతసేపట్లో తిరిగి వచ్చాను, తిరిగి వచ్చి ఎవరికి క్షమాపణ చెప్పాను అన్నది లెక్క. మొదట్లో రెండు రోజులు పట్టేది. ఇప్పుడు చాలాసార్లు అరగంట. రామదాసు ఒకే కీర్తనలో వెళ్ళి తిరిగి వచ్చాడు. అంత వేగం నాకింకా రాలేదు.

పొద్దున్న నా సాధన చెబితే నవ్వుతారు. పద్మాసనం లేదు, వజ్రాసనం లేదు. ఒక బేసినులో గోరువెచ్చని నీళ్ళు, అందులో రెండు చేతులు. నీళ్ళు చల్లారేదాకా నామం. ఆ సమయంలో ఏ భావం వస్తే దాని పేరు పలుకుతాను. భయం వచ్చింది. అసూయ వచ్చింది. మామ్మగారి ముగ్గు మీద వచ్చింది. పొమ్మనను, కుర్చీ వేసి కూర్చోబెట్టను. పేరు పెట్టి పిలిస్తే సగంసార్లు అదే వెళ్ళిపోతుంది. తక్కిన సగంసార్లు ఉంటుంది, దాని పక్కనే నామం కూడా ఉంటుంది. ఆ తరువాత నమస్కారం. నా అరచేతులు ఇప్పుడు పూర్తిగా కలవవు. మధ్యలో సందు ఉంటుంది. చాలాకాలం ఆ సందు చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు అలాగే పెడతాను. పుచ్చుకునేవాడికి అభ్యంతరం ఉన్నట్టు ఇంతవరకు కబురు రాలేదు.

చివరగా, దీర్ఘరోగులను చూడబోయే మిత్రులకు ఒక మనవి. శాంతంగా ఉండమని చెప్పకండి. ఆ సంగతి వారికి తెలుసు, మీకంటే ఎక్కువసార్లు ప్రయత్నించి ఉంటారు. తగ్గిందా అని అడగకండి, ఈ రోజు ఎలా ఉందని అడగండి. చెప్పేది వినండి. చిరాకు పడితే అరగంట ఆగండి, వారే తిరిగి వస్తారు. వీలైతే వెళ్ళేముందు పచ్చడి సీసా మూత తిప్పి వదులుగా పెట్టి వెళ్ళండి. నా అనుభవంలో అంతటి ఆధ్యాత్మిక సహాయం మరొకటి లేదు.

సంక్రాంతికి పెదమామగారు మా ఇంటికి వచ్చారు. ఆయనకు ఇప్పుడు ఎనభై రెండు. నడుము పట్టేసి వారం రోజులుగా నిద్ర లేదట. కాఫీలో పంచదార ఎక్కువైందని మా అమ్మాయి మీద కేకలేశారు. తరువాత తనే నొచ్చుకుని, “ఏమిటోనమ్మా, ఈమధ్య ఊరికే కోపమొస్తోంది” అన్నారు. నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. గీత రెండో అధ్యాయం గురించి. మింగేశాను. వేణ్ణీళ్ళ సంచి తెచ్చి నడుము వెనక పెట్టాను. “ఎప్పటినుంచి మామయ్యగారూ?” అని అడిగాను. ఆయన చాలాసేపు చెప్పారు.

ఏకీభవించనివారు తప్పకుండా ఉంటారు. వ్రాయండి. జవాబు ఆలస్యమైతే వేళ్ళను క్షమించండి.